తిమింగలం, కాళాను, మీనాక్షమ్మ ఇంటి దూలం

గుడియాత్తం,
ఆదివారం

చిరంజీవి యోగితను నాయన దీవించి రాసే జాబు.

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. క్షేమం అని రాయమని మీ అమ్మే చెప్పింది, ఆమె మోకాలు మాత్రం ఒప్పుకోవడం లేదు. నువ్వు సముద్ర జీవాల పరిశోధన అంటూ ఎక్కిన ఆ కొచ్చి ఓడ మీద వేళకు తింటూ, కడుపులో తిప్పకుండా, నీళ్ళ మీద కూడా నిద్ర పట్టి సుఖంగా ఉన్నావని తలుస్తాము.

నీ జాబు పన్నెండు రోజుల కిందట, మంగళవారం చేరింది. మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. ఆమె తెలుగు మాట్లాడితే బస్టాండు దాకా వినబడుతుంది గానీ అక్షరాలు తమిళంలో తప్ప రావు కదా. నీ తెలుగులో తప్పులుంటే నవ్వవద్దన్నావు. నవ్వలేదు. కొన్ని ఒత్తులు ఓడ దిగి ఈదుకుంటూ వెళ్ళిపోయాయి, అంతే. షెడ్డులో చెక్కల మీద బొగ్గుతో నేను దిద్దించిన అక్షరాలు సముద్రం మధ్య నుంచి నాకే తిరిగి రావడం చూసి కడుపు నిండిపోయింది.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తున్నాను. మోకాలి పట్టీ మీ అమ్మ కట్టుకోవడం లేదు, కొత్తది పాడైపోతుందని బీరువాలో దాచింది. వానలు పడ్డాయి, ఏట్లో నీళ్ళు మూడు రోజులు కనబడి పోయాయి. శక్తివేల్ బాగున్నాడు. పన్నెండేళ్ళుగా నా పక్కన వడ్రంగం చేస్తున్నా ఉలి ఎక్కడ పెట్టాడో ఇప్పటికీ నన్నే అడుగుతాడు. ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. దాని జవాబు పెద్దది, కింద రాస్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నీ తిమింగలం సంగతి. ఓడ పక్కన నీళ్ళ రంగు మారిందని, అక్కడేదో దిబ్బ మునిగి ఉందనుకున్నావని, ఆ దిబ్బ ఊపిరి వదిలిందని రాశావు కదా, ఆ మాట దగ్గర నేను చదవడం ఆపేశాను. మీ అమ్మ "ఊఁ, ఆమీద?" అంటుంది, నేనేమో అదే వాక్యం మళ్ళీ చదువుకుంటున్నాను. వీపు వచ్చి, వీపు దాటాక మళ్ళీ వీపే వచ్చి, ఇంకా వీపే వస్తూ ఉంటే పక్కనున్న పిల్ల నీ చెయ్యి పట్టుకుని ఏడ్చిందని రాశావు. నేనైనా ఏడ్చి ఉండేవాణ్ణి.

ఎనభై అడుగులన్నావు. అంకె తెలుసు గానీ అది కంటికి ఆనలేదు. మరుసటి రోజు పొద్దున్నే టేపు తీసుకుని మన గడప దగ్గర పెట్టి వీధి వెంట కొలుచుకుంటూ పోయాను. తల మన గుమ్మంలో పెడితే తోక సెల్లమ్మ పిండి మిషను మెట్ల మీద పడింది. రెండు చోట్లా సుద్దతో గీత గీశాను. మధ్యలో ఉన్న ఇళ్ళూ, స్కూటర్లూ, కూరగాయల బండీ అన్నీ తిమింగలం పొట్టలో ఉన్నాయి. వీధిలో నిలబడి అటూ ఇటూ చూస్తుంటే మీ అమ్మ వచ్చింది.

"ఏమయ్యా, రోడ్డు కాంట్రాక్టు ఎత్తుకున్నాడా మీ ఆయన అని అడుగుతా ఉండారు. లోపలికి వస్తావా లేదా?"

సెల్లమ్మ మాత్రం తన మెట్ల మీది గీతను రెండు రోజులు తుడవలేదు. వచ్చినవాళ్ళకల్లా "ఇదో, తోక ఈడిదాకా వస్తాదంట" అని చూపించింది. దాని గుండె ఒక్కటే ఏడు బియ్యం మూటల బరువుంటుందని, లోతుకు మునిగినప్పుడు ఆ గుండె నిమిషానికి రెండుసార్లే కొట్టుకుంటుందని నువ్వు రాసింది చెబితే ఆమె గల్లాపెట్టె మూసేసి తన నాడి పట్టుకుని చూసుకుంది. నేను ఇంటికొచ్చి గోడ గడియారం ముందు కూర్చున్నాను. దాని గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ కొట్టుకునేలోపల నేను ఎనిమిదిసార్లు ఊపిరి తీశాను. అంత సేపు అది బతికే ఉందని దానికెలా తెలుస్తుందో అనిపించింది.

అంతటిదాన్ని చూపించి, ఆఖర్న ఒక మేకు కొట్టావు. "నాయనా, లోకంలో ఇదే అన్నిటికన్నా పెద్దదని అనుకోవద్దు, దీన్ని మించింది నీ శత్రువు" అన్నావు. తాడిదన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడని మా పెద్దలు అనేవాళ్ళు. ఆ తలదన్నేది చెక్కను తినే కాళాను అని ఒక్కరూ చెప్పలేదు. నలభై ఏళ్ళుగా తలుపుల అడుగునా, దూలాల చివరా దాన్ని ఉలితో గీకి పారేస్తున్నాను. తెల్లగా బూజులా ఉంటుంది, ఎప్పుడైనా ఒక కుక్కగొడుగు తల బయటపెడుతుంది. దాని చుట్టాల్లో ఒకటి అమెరికాలో ఒక అడవి నేల కింద రెండు వేల మూడు వందల ఎకరాలు పాకి ఉందని, దాని వయసు రెండు వేల ఏళ్ళకు పైమాటేనని, బరువు లెక్క కట్టినవాళ్ళు వేల టన్నులు అంటున్నారని, నీ తిమింగలాలు ఓ వంద తెచ్చి తూచినా దానికి చాలకపోవచ్చని రాశావు. మూడు కిలోమీటర్ల పొడుగు, మూడు కిలోమీటర్ల వెడల్పు. మన గుడియాత్తం ఊరంతా దాని మీద కాపురం పెట్టవచ్చు.

నిజం చెబుతున్నాను, నమ్మలేదు. తోపులో వెయ్యి మామిడి చెట్లుంటే అన్నీ కలిపి ఒకే చెట్టు అంటామా అని మీ అమ్మతో వాదించాను, ఆమె నా తరఫునే మాట్లాడింది. తీరా తర్వాతి పేజీ తిప్పితే నీ జవాబు ముందే రాసి ఉంది. పైన కనబడే గొడుగులు కాయల వంటివని, అసలు ఒళ్ళు నేల కింద నల్లటి తాళ్ళుగా, తెల్లటి దారాలుగా ఉంటుందని, ఈ మూల నుంచి ఒక ముక్క, ఆ మూల నుంచి ఒక ముక్క తెచ్చి పక్కపక్కన పెడితే రెండూ కలిసి ఒకటైపోతాయని, అదే వేరొకదాని ముక్క పెడితే నడుమ గీత గీసుకుని ఎదురెదురుగా నిలబడతాయని.

ఆ గీత అన్న మాట చదివి షెడ్డులోకి వెళ్ళాను. మూల నిలబెట్టిన పాత మామిడి చెక్కలు గుర్తున్నాయా, సిరాతో గీసినట్టు సన్నటి నల్లగీతలు వంకరటింకరగా ఉంటాయే, చిన్నప్పుడు వాటిని దేశాల పటం అనుకుని నువ్వు రంగులు వేసేదానివి. ఒక చెక్క తీసి ఎండలో పెట్టి చూశాను. చెక్క అందం అదని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఆ గీతలున్నవాటికి పది రూపాయలు ఎక్కువ కూడా అడిగాను. అవి రెండు కాళానులు వేసుకున్న పొలిమేరలు. నువ్వు వేసిన రంగులే సరి. వాటితో స్టూళ్ళు చేసి అమ్మాను, జనం వాటి మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు.

రెండింటిలో ఏది గొప్పో చెప్పమన్నావు. మూడు రోజులు ఆలోచించాను, పని మీద కూడా అదే ధ్యాస. తిమింగలానికి ముందూ వెనకా ఉన్నాయి, తల ఉంది, ఎదురుగా నిలబడి దండం పెట్టవచ్చు. కాళానుకు దండం పెట్టాలంటే ఏ వైపు తిరిగి పెట్టాలి? తిమింగలం ఎంత పెద్దదైనా ఊపిరి కోసం పైకి రాక తప్పదు, ఆ ఒక్క విషయంలో అది మనలాంటిదే, అందుకే దాని మీద జాలి కూడా కలుగుతుంది. కాళానుకు ఆగిపోవడానికి గుండె లేదు. సగానికి నరికితే రెండు సగాలూ బతుకుతాయి. తిమింగలం ఎనభై తొంభై ఏళ్ళు బతికి, చచ్చి సముద్రం అడుక్కు దిగి, అక్కడున్న జీవాలకు ఏళ్ళ తరబడి అన్నం పెడుతుందన్నావు. కాళాను చచ్చిన చెట్టును తిని మట్టి చేసి, ఆ మట్టి మీద ఇంకో చెట్టును లేపుతుంది. ఇక గొంతు సంగతి తీసుకుంటే, తిమింగలం పిలిస్తే వందల మైళ్ళ అవతల ఇంకో తిమింగలానికి అందుతుందట. కాళాను మాత్రం ఆ రెండు వేల ఏళ్ళలో ఒక్క చప్పుడూ చేసి ఉండదు. నా ఓటు ఎటో ఇంకా తేలలేదు గానీ, ఈ రెండూ ఉన్న లోకంలోనే నేనూ బాడిస పట్టుకుని తిరుగుతున్నానని తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

చప్పుడు దగ్గరికి వచ్చాను కాబట్టి ఇక దాటవేయను. నువ్వు మూడు జాబుల్లో అడిగావు, నాయనా ఫోను ఎందుకు ఎత్తవు, ఎత్తినా నాలుగు మాటలకే అమ్మకు ఎందుకు ఇచ్చేస్తావు అని. సిగ్నలు లేదన్నాను, పనిలో ఉన్నానన్నాను. సిగ్నలు బాగానే ఉంది తల్లీ. నాకు వినబడడం లేదు.

రెండేళ్ళయింది. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి, పిచ్చుకలు, కుక్కరు విజిలు. తర్వాత ఆడవాళ్ళ గొంతులు మసకబారాయి. ఫోనులో నీ గొంతు ఎండాకాలం బావిలా లోపలికి పోతూ పోతూ, ఒకరోజు పూర్తిగా అడుగంటింది. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను. నువ్వు పంపిన తిమింగలం గొంతు చాలా బాగుందని పోయిన జాబులో రాశాను. నేను దాన్ని వినలేదు.

ఎందుకు దాచానో నీకు వేరే చెప్పాలా? మన పనికి చెయ్యి ఎంతో చెవీ అంతే. చెక్క లోపల ఏముందో చూడడానికి కన్ను పనికిరాదు, కొట్టి వినాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది, లోపల పుచ్చినది బొత్తుమంటుంది. మీ తాత బాడిస తిరగేసి దూలాన్ని మూడుసార్లు కొట్టి, కళ్ళు మూసుకుని విని, "పలికింది" అనేవాడు. ఆ మాట వచ్చాకే మన వైపు పాత ఇళ్ళలో బిడ్డకు ఉయ్యాల కడతారు. చెవి పోయిన ఆచారిని ఎవరు పిలుస్తారు? వీధిలో ఎవరైనా చెవిపోగుల మాటెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి.

పది రోజుల కిందట బజారు వీధి మీనాక్షమ్మ కబురు పెట్టింది. బట్టల కొట్టు మీనాక్షమ్మే, మీ తాత కాలం నుంచి ఆ ఇంటి చెక్కపని మనదే. మనవరాలు గాయత్రి కాన్పుకు వచ్చింది, ఆడపిల్ల పుట్టింది, ఇరవై ఒకటో రోజు ఉయ్యాల వేస్తున్నారు. శక్తివేల్ ఆ రోజు పళ్ళికొండలో ఒక హోటలు తలుపుల పని మీద ఉన్నాడు. నేనొక్కణ్ణే వెళ్ళాను. నడిమింట్లో చుట్టాలంతా తలలెత్తి చూస్తున్నారు. నిచ్చెన ఎక్కి బాడిస తిరగేసి మూడు దెబ్బలు కొట్టాను. నాకు ఏమీ వినబడలేదు. ఖంగు లేదు, బొత్తు లేదు.

"ఏమి ఆచారీ, పలికిందా?" అని మీనాక్షమ్మ అడిగింది.

"పలికిందమ్మా" అన్నాను.

దూలానికి పసుపుతాడు కట్టారు. నాకు తాంబూలం ఇచ్చి, కొత్త తువ్వాలు భుజాన వేశారు. దాన్ని వేసుకుని బజారు మధ్య నడిచి వచ్చాను. దూలం రంగు బాగుంది, వంగలేదు, అరవై ఏళ్ళుగా నిలబడింది, ఇవాళ ఎందుకు పడుతుంది అని దారి పొడుగునా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి సెల్లమ్మ మన ఇంట్లో ఉంది. తన మెట్ల దాకా తోక వచ్చిన జంతువు గొంతు వింటానని తన ఇంటి పాటల డబ్బా తెచ్చుకుంది. మీ అమ్మ నువ్వు ఫోనుకు పంపిన తిమింగలం గొంతును దానికి తగిలించి, మన టేకు పెట్టె మీద పెట్టింది. ఆ పెట్టె మీదే మోచెయ్యి ఆన్చి నేను అన్నం తింటున్నాను. మోచేతి ఎముకలోకి ఏదో దిగింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. బస్సు ఇంజను అదురు లాంటిదే, కానీ దానికి వంపు ఉంది, ఎక్కడం దిగడం ఉంది. వచ్చింది, లాగింది, ఆగింది. ఆగినంత సేపు నేను ముద్ద మింగలేదు. మళ్ళీ వచ్చింది. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా రెండు అరచేతులూ పెట్టె మీద పెట్టాను. సెల్లమ్మ పెదవులు "ఆబోతు రంకె మాదిరి ఉండాది" అంటున్నాయి. మనుషుల చెవికి అందాలని దాన్ని పది రెట్లు వేగం చేసి పంపానని నువ్వు రాశావు, అసలు గొంతు మనుషుల చెవికి సరిగా అందనే అందదన్నావు. దాని తలకాయ ఎముకే చెవిలా పనిచేస్తుందని కొందరు అనుకుంటున్నారనీ రాశావు. నా చేతి ఎముకకు అది అందింది. రెండేళ్ళ తర్వాత ఒక గొంతు నా లోపలికి వచ్చింది యోగితా, అదీ సముద్రంలోది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గుపడకుండా రాస్తున్నాను.

మరుక్షణం పొద్దుటి దూలం గుర్తుకొచ్చింది. చెక్క చేతికి కూడా పలుకుతుందన్నమాట. పొద్దున నేను నిచ్చెన మీద ఉన్నప్పుడు నా రెండు చేతుల్లో ఒక్కటీ దూలం మీద లేదు. ఒకటి బాడిస పిడి మీద, రెండోది నిచ్చెన మీద. వినడానికి దారి ఉండీ నేను వినలేదు, దాని కింద ఇరవై ఒక్క రోజుల బిడ్డ పడుకుని ఉంది.

శక్తివేల్ నాలుగున్నరకు బస్సు దిగాడు, దిగినవాణ్ణి దిగినట్టే లాక్కుపోయాను. చుట్టాలు వెళ్ళిపోయారు, గాయత్రి ఒక కాలు మడుచుకుని కూర్చుని ఉయ్యాల ఊపుతోంది. రెండు నిచ్చెనలు వేశాము. నేను అరచెయ్యి దూలానికి ఆన్చాను, శక్తివేల్‌ను వీధి వైపు చివర నుంచి కొట్టుకుంటూ రమ్మన్నాను. మొదటి దెబ్బకు చెయ్యి జివ్వుమంది. రెండో దెబ్బకూ అంతే. అలా నా చెయ్యి, వాడి సుత్తి కలిసి ఉయ్యాల కొక్కెం దాటి గోడ వైపు రెండు అడుగులు వెళ్ళాయి. అక్కడ వాడు కొట్టాడు, కొట్టడం కంటితో చూశాను, చేతికి ఏమీ రాలేదు. ఇంకోసారి కొట్టమన్నాను. తడి ఇసుకలో కొట్టినట్టు ఉంది. శక్తివేల్ నా వైపు తిరిగాడు.

"అన్నా, సద్దు సరిగా లేదన్నా. లోపల ఏమీ లేనట్ల ఉండాది."

"గాయత్రీ, బిడ్డను ఎత్తుకో తల్లీ" అన్నాను. గట్టిగానే అని ఉంటాను, ఆ పిల్ల బెదిరిపోయి బిడ్డను గుండెకు హత్తుకుని గోడకు ఆనుకుంది.

మీనాక్షమ్మ లోపలి నుంచి వచ్చింది. "ఏమైంది ఆచారీ? పొద్దున పలికింది అని చెప్పినావే?"

"అబద్ధం చెప్పినానమ్మా. నాకు చెవులు వినపడవు. రెండేండ్లయింది."

నాకు ఎలాగూ అంతా నిశ్శబ్దమే. కానీ అప్పుడు ఎవరి పెదవులూ కదలలేదు. శక్తివేల్ సుత్తి దించి నా చెవుల వైపు చూశాడు. వాడికీ అప్పుడే తెలిసింది.

ఉలి పెట్టి నొక్కాను, కొట్టలేదు, ఊరికే నొక్కాను. పిడి దాకా దిగిపోయింది. పైన పటారం లోన లొటారం అంటారే, అదే. రంగు పొర ఊడదీస్తే లోపల చెక్క గోధుమరంగు మైసూరుపాకు ముక్కల్లా పలకలు పలకలుగా విడిపోయింది. వేలితో నలిపితే పొడి. మిద్దె మీద ఆ గోడకు ఆనించి తులసి కుండీ ఉంది, రోజూ పోసే నీళ్ళు ఏళ్ళ తరబడి గోడలోకి దిగి దూలం చివర తడిపాయి. ఇంకా లోపలికి తవ్వేసరికి అది కనబడింది.

వానకు పాలారులో నీళ్ళు పాయలు పాయలుగా చీలి ఇసుక మీద పాకడం వంతెన మీది నుంచి చూపించాను గుర్తుందా, అలా తెల్లటి దారాలు చీలి, మళ్ళీ చీలి, విసనకర్రలా విప్పుకుని ఉన్నాయి. గుడ్డు లోపలి పొర కన్నా పలచన. దూలం చివర నుంచి గోడలోకి దిగాయి. ఇటుకలో, సున్నంలో దానికి తినడానికి ఏముంది? అయినా ఉత్త గోడ మీద మూడు అడుగులు ఆకలితో నడిచి రెండో దూలాన్ని పట్టుకుంది. అక్కడ నుంచి మళ్ళీ తెల్లటి విసనకర్ర. నాకు తెలియకుండా, ఎవరికీ తెలియకుండా, ఆ ఇంట్లో పెళ్ళిళ్ళూ పండుగలూ జరుగుతున్నంత కాలం అది తలల మీద ఒక్కో అంగుళం నడుస్తూనే ఉంది. నలభై ఏళ్ళలో దాన్ని ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ ఇది ఒకే ప్రాణి అని చూడలేదు. నీ రెండు వేల మూడు వందల ఎకరాలు అప్పుడు నమ్మాను. భయమూ సిగ్గూ అన్నీ ఉన్నాయి, వాటితో పాటు చేతులు జోడించాలని కూడా అనిపించింది. "అన్నా, ఏంది అట్ల చూస్తా ఉండావు, దిగు" అని శక్తివేల్ కాలు పట్టి లాగితే దిగాను.

ఆ దూలం ఎప్పుడు విరిగేదో నాకు తెలియదు. ఆ రోజే కావచ్చు, పదేళ్ళకు కావచ్చు. తెలియకుండానే తెలిసిందన్నాను, అదీ నేను చేసిన పాపం. ఇంటి నుంచి ఆ తువ్వాలు తెప్పించి మీనాక్షమ్మ ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టకుండానే అడిగింది.

"నా పిల్లకాయల అప్పుడు మీ నాయన ఇదే దూలం కొట్టి పలికింది అన్నాడు. ఆయప్పకు నిజంగా వినపడిందా?"

"వినపడిందమ్మా. ఆయన చెవి నిజం."

"ఇంక నీ మాట నేను నమ్మేదెట్ల చెప్పు."

తువ్వాలు ఆమె వైపు ఇంకాస్త జరిపి నిలబడ్డాను. ఆమె గాయత్రి చేతిలో బిడ్డ తల నిమిరి, మళ్ళీ నా వైపు తిరిగి, నాకు అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "రేపు వచ్చి రెండు దూలాలూ మార్చు. శక్తివేలు చెవి పెట్టాల, నువ్వు చెయ్యి పెట్టాల. ఇద్దరూ చెప్తేనే తొట్లి కట్టేది. తువ్వాలు ఉంచుకో. పొద్దున మాటకు కాదు, సాయంత్రం మాటకు."

కే.వి.కుప్పంలో విప్పుతున్న ఒక పాత ఇంటి నుంచి మంచి టేకు దూలాలు తెచ్చి ఎక్కించాము. గోడ ఎండబెట్టాము, తులసి కుండీ పెరటికి వెళ్ళింది. మొన్న శుక్రవారం శక్తివేల్ విన్నాడు, నేను చెయ్యి పెట్టాను, ఇద్దరమూ చెప్పాక ఉయ్యాల కట్టారు. ఆ తెల్లటి దారాల ముక్క ఒకటి కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టాను, దాని పేరేమిటో నీ తోటివాళ్ళను అడిగి చెప్పు.

మీ అమ్మకు దూలం తవ్విన ఆ సాయంత్రమే చెప్పాను. తల వంచుకుని, రెండేళ్ళు దాచిన రహస్యంలా చెప్పాను. ఆమె బియ్యం ఏరడం కూడా ఆపలేదు.

"చెవిటోని ముందర శంఖం ఊదినట్ల ఏడాదిన్నరగా ఊదతా ఉండా, నాకు తెలియదా? నీయంతట నువ్వు చెప్తావని చూస్తా ఉండినా. నా గొంతు ఎందుకింత పెద్దదైందని అనుకున్నావు?"

తర్వాత లేచి వెళ్ళి పెరట్లో ఏడ్చింది. గోడ ఆరేలోపు ఒక రోజు ఇద్దరం వేలూరు వెళ్ళి చెవి డాక్టరుకు చూపించాము, రాత్రికి తొరపాడిలో మీ పిన్ని ఇంట్లో ఉన్నాము. రంపం మిషను, చిత్రిక మిషను ఇన్నేళ్ళుగా చేసిన పని అన్నాడు డాక్టరు. పోయింది తిరిగి రాదట, మిగిలిందాన్ని పెద్దది చేసే చెవి మిషను వచ్చే నెల ఇస్తారట. ఎదురుగా ఉన్నవాళ్ళ మాట దాంతో కొంత తెలుస్తుందట, ఫోను సంగతి మాత్రం చెప్పలేనన్నాడు.

ఇక ఒక్కటి మిగిలింది. మీ అమ్మకు కూడా చెప్పనిది ఇదొక్కటే.

ఉగాదికి ముందు ఒక సాయంత్రం నువ్వు ఫోను చేసి, నాయనతోనే మాట్లాడాలి అన్నావట. మీ అమ్మ ఫోను నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళింది. నువ్వు చాలాసేపు మాట్లాడావు. చెవికి ఎంత నొక్కిపెట్టుకున్నా నాకు ఒక్క మాట కూడా అందలేదు. మధ్యలో ఒకచోట ఏడ్చావేమో అనిపించింది, అదీ ఊహే. చివర్లో చెవికి ఆనిన ఫోను అదురు ఆగింది. ఏదో అడిగావని, నా జవాబు కోసం చూస్తున్నావని తెలిసింది. "సరే అమ్మా" అన్నాను.

మొన్నటి జాబు ఆఖర్న రాశావు, "ఆ రోజు నువ్వు సరే అన్నావు నాయనా, ఆ మాట పట్టుకునే ఇక్కడ నిలబడ్డాను" అని. ఆ వాక్యం మీ అమ్మకు చదవకుండా దాటేశాను. ఆ మాట కింద నువ్వు నిలబడి ఉన్నావని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నువ్వు ఏమడిగావు తల్లీ? మళ్ళీ రాసి అడుగు. సరే అంటానో, వద్దంటానో, నాకు తెలియదు. ఈసారి నువ్వు అడిగినదానికే జవాబు చెబుతాను.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న
మీ నాయన
అరుణాచలం